ట్యాబ్‌లో తీసిన వీడియో కంప్యూటర్‌కి, ఎడిట్ అయ్యాక మళ్లీ ట్యాబ్‌కి: చెక్కుచెదరకుండా చేర్చే పద్ధతి

"ట్యాబ్‌లో చూస్తే అద్దంలా ఉంది, కంప్యూటర్లో చూస్తే మసకగా ఉంది." "కాపీ సగంలో ఆగిపోతోంది." "ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లో మాట ఒకచోట, పెదవులు ఒకచోట." బెంగళూరులో మనవాళ్ల ఇళ్లలో పిల్లల పుట్టినరోజులు, గృహప్రవేశాలు, ఊరి నుంచి అమ్మ వచ్చి కలిపిన ఆవకాయ అన్నీ ఇప్పుడు ట్యాబ్‌లోనే తీస్తున్నారు. తీరా ఎడిట్ చేద్దామని కూర్చుంటే ఈ మూడింటిలో ఏదో ఒక ఇబ్బంది వచ్చి పడుతోంది. చాలామంది ఇదే అడుగుతున్నారు కాబట్టి మొదటి నుంచి చివరి దాకా వరసగా రాస్తున్నాను.

ఈ పనంతా ఒక్క నియమం మీద నడుస్తుంది. కెమెరా ఏ ఫైలు రాసిందో అదే ఫైలు, దాని తగ్గించిన రూపం కాదు, మీ కంప్యూటర్ డిస్క్‌లోకి రావాలి. వచ్చిందని సరిచూసుకునే దాకా ట్యాబ్‌లోంచి తీసేయకూడదు. కింద చెప్పేవన్నీ ఈ నియమం తప్పకుండా ఉండటానికే.

1. రికార్డు నొక్కేముందే చూసుకోవాల్సినవి

టీవీలోనో ఫోన్‌లోనో చూసుకునే ఇంటి వీడియోకి 1080పీ చాలు. 4కే తీస్తే తర్వాత ఫ్రేమ్‌ని కోసి దగ్గరగా చూపించుకోవచ్చు, నిజమే. కానీ ఫైలు బరువు, కంప్యూటర్ మీద భారం రెండూ పెరుగుతాయి. ఐప్యాడ్‌లో హై ఎఫిషియెన్సీ (వీడియోని తక్కువ చోటులోకి కుదించే) పద్ధతిలో ఒక నిమిషం వీడియోకి పట్టే చోటు సుమారుగా ఇది:

- 1080పీ, సెకనుకు 30 ఫ్రేములు: 60 ఎంబీ
- 1080పీ, 60 ఫ్రేములు: 90 ఎంబీ
- 4కే, 30 ఫ్రేములు: 170 ఎంబీ
- 4కే, 60 ఫ్రేములు: 400 ఎంబీ

మీ కంప్యూటర్ పాతదైతే కెమెరా సెట్టింగుల్లో 'ఫార్మాట్స్'లోకి వెళ్లి 'మోస్ట్ కంపాటిబుల్' పెట్టండి. అప్పుడు వీడియో హెచ్.264 అనే పాత కుదింపు పద్ధతిలో రికార్డవుతుంది. ఫైలు సుమారు రెట్టింపు అవుతుంది కానీ ఎడిటింగ్ తేలికగా సాగుతుంది. ఆండ్రాయిడ్ ట్యాబుల్లో కూడా కెమెరా సెట్టింగుల్లో హై ఎఫిషియెన్సీ వీడియో అనే మీట ఉంటే దాన్ని ఆపేయండి.

ఇంట్లో ట్యూబ్‌లైటు, చవక ఎల్‌ఈడీ బల్బుల కింద తీసినప్పుడు వీడియోలో నల్లటి పట్టీలు కదులుతూ కనిపిస్తాయి. మన దగ్గర కరెంటు 50 హెర్ట్జ్ కావడం, కెమెరా 30 ఫ్రేముల్లో తీయడం దీనికి కారణం. 25 ఫ్రేములకు మారిస్తే చాలావరకు పోతుంది. ఐప్యాడ్‌లో సెట్టింగ్స్, కెమెరా, రికార్డ్ వీడియోలోకి వెళ్లి 'షో పాల్ ఫార్మాట్స్' ఆన్ చేస్తే 25 కనిపిస్తుంది. ఈ పట్టీలు ఎడిటింగ్‌లో పోవు, తీసేటప్పుడే జాగ్రత్త పడాలి. ఒక కార్యక్రమం మొత్తానికి ఒకే ఫ్రేమ్ రేటు వాడండి. సగం 25, సగం 30 అయితే ఎడిటర్లో క్లిప్పులు పేర్చే టైమ్‌లైన్‌లో కదలికలు కుదుపుగా ఉంటాయి.

2. అసలు ఫైలు ట్యాబ్‌లో ఉందా?

గ్యాలరీలో బొమ్మ కనిపించినంత మాత్రాన ఫైలు అక్కడ ఉందని కాదు. మసక వీడియోల ఫిర్యాదుల్లో చాలా వాటికి మూలం ఇక్కడే ఉంటుంది.

ఐప్యాడ్‌లో ఐక్లౌడ్ ఫొటోస్ ఆన్‌లో ఉండి, 'ఆప్టిమైజ్ ఐప్యాడ్ స్టోరేజ్' ఎంచుకుని ఉంటే, చోటు తగ్గినప్పుడు అసలు ఫైలు ఐక్లౌడ్‌లోకి వెళ్లిపోయి ఐప్యాడ్‌లో చిన్న రూపం మిగులుతుంది. సెట్టింగ్స్‌లో ఫొటోస్‌కి వెళ్లి 'డౌన్‌లోడ్ అండ్ కీప్ ఒరిజినల్స్' పెట్టండి. వైఫైలో, ఛార్జర్ తగిలించి, రాత్రంతా వదిలేయండి. ఐప్యాడ్‌ఓఎస్ 18 నుంచి ఈ ఫొటోస్ సెట్టింగు 'యాప్స్' అనే విభాగం లోపలికి మారింది, పైన వెతికి దొరకలేదని కంగారు పడకండి.

ఆండ్రాయిడ్‌లో గూగుల్ ఫొటోస్‌లో 'ఫ్రీ అప్ స్పేస్' నొక్కి ఉంటే ట్యాబ్‌లోని కాపీ పోయి క్లౌడ్‌లో ఉన్నదే మిగులుతుంది. అది కూడా 'స్టోరేజ్ సేవర్' పద్ధతిలో ఎక్కించి ఉంటే నాణ్యత అప్పటికే తగ్గిపోయింది, 4కే వీడియో 1080పీ అయిపోయి ఉంటుంది. దాన్ని వెనక్కి తెచ్చే దారి లేదు. ఇకముందు తీసే వాటికైనా బ్యాకప్ నాణ్యత 'ఒరిజినల్'కి మార్చండి, లేదా కంప్యూటర్‌కి ఎక్కించాకే ఆ బటన్ నొక్కండి.

వాట్సాప్‌లో మీకు మీరే వీడియోగా పంపుకుని కంప్యూటర్లో దించుకునే అలవాటు ఉంటే ఈరోజే మానేయండి. వాట్సాప్ వీడియోని కుదించేస్తుంది. తప్పనిసరైతే డాక్యుమెంట్‌గా పంపండి, అలా అయితే 2 జీబీ వరకు ఫైలు మారకుండా వెళ్తుంది.

3. చోటు లెక్క, ఫోల్డరు ఏర్పాటు

ట్యాబ్‌లోంచి వచ్చే ఫైళ్ల మొత్తం ఎంతో చూసి, డిస్క్‌లో దానికి మూడింతలు ఖాళీ ఉంచుకోండి. ఒక వంతు అసలు ఫైళ్లకు, ఒక వంతు మార్చిన రూపాలకు, ఒక వంతు ఎడిటర్ తాత్కాలిక ఫైళ్లకు, తుది వీడియోకు.

కాపీ మొదలుపెట్టే ముందే ఒక పెద్ద ఫోల్డరు, లోపల నాలుగు చిన్న ఫోల్డర్లు చేయండి: అసలు, మార్చినవి, ప్రాజెక్టు, తుది. పెద్ద ఫోల్డరుకి తేదీ ముందు, పేరు తర్వాత పెట్టండి, ఉదాహరణకు 2025-04-20 ఆవకాయ. ఫోల్డర్లకూ ఫైళ్లకూ డిస్క్ మీద మాత్రం ఈ పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో రాయండి. తెలుగు లిపిలో పేరు పెడితే కొన్ని ఎడిటర్లు, కన్వర్టర్లు ఫైలు తెరవలేక మొరాయిస్తాయి.

ఒక సలహా. బెంగళూరులో చాలామంది చేతిలో ఉన్న కంప్యూటర్ ఆఫీసు ల్యాప్‌టాపే. వాటిలో చాలావరకు యూఎస్‌బీ స్టోరేజ్ బ్లాక్ చేసి ఉంటుంది. బ్లాక్ లేకపోయినా ఉద్యోగం మారిన రోజు తిరిగి ఇచ్చేయాల్సిన యంత్రం అది. ఇంటి వీడియోలకు అది సరైన చోటు కాదు. సొంత కంప్యూటర్ లేకపోతే కనీసం సొంత ఎక్స్‌టర్నల్ ఎస్‌ఎస్‌డీ కొనుక్కుని ఫైళ్లన్నీ అందులో ఉంచండి.

4. కేబుల్: అన్ని కేబుళ్లూ ఒకటి కాదు

ఛార్జింగ్ అవుతోంది కదా, కేబుల్ బాగానే ఉందనుకుంటారు. ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుళ్లు ఉంటాయి, వాటిలో డేటా తీగలే ఉండవు. ట్యాబ్ ఛార్జ్ అవుతూ కంప్యూటర్లో అసలు కనిపించకపోతే మొదట అనుమానించాల్సింది కేబుల్‌నే.

రెండో సంగతి వేగం. రెండు కొనలూ యూఎస్‌బీ-సీ ఉన్నంత మాత్రాన వేగం ఉన్నట్టు కాదు. ఛార్జర్‌తో వచ్చే కేబుళ్లు చాలావరకు యూఎస్‌బీ 2.0 రకం, గరిష్ఠం సెకనుకు 480 మెగాబిట్లు (ఎనిమిది బిట్లు ఒక బైటు). వాడుకలో సెకనుకు 30 నుంచి 40 ఎంబీ వస్తుంది. 10వ తరం ఐప్యాడ్‌లో పోర్టు యూఎస్‌బీ-సీ అయినా వేగం ఇంతే, దానికి ఎంత ఖరీదైన కేబుల్ పెట్టినా లాభం లేదు. ఐప్యాడ్ ప్రోల్లో మాత్రం మంచి కేబుల్‌కి తేడా బాగా తెలుస్తుంది.

ఈ వేగమేమీ తీసిపారేయాల్సింది కాదు. 4కేలో తీసిన అరగంట వీడియో సుమారు 5.1 జీబీ. సెకనుకు 30 ఎంబీ చొప్పున మూడు నిమిషాల్లోపు అయిపోతుంది. అదే ఫైలు 20 ఎంబీపీఎస్ (సెకనుకు 20 మెగాబిట్లు) అప్‌లోడ్ ఉన్న ఇంటి ఇంటర్నెట్‌లో క్లౌడ్‌కి ఎక్కడానికే అరగంట దాటుతుంది, మళ్లీ దించుకోవాలి. అందుకే ఎవరడిగినా నేను మొదట కేబుల్ దారే చెబుతాను.

కొనాలంటే బెంగళూరులోని ఎస్పీ రోడ్డుకి వెళ్లండి. సందు సందునా కేబుళ్లు, కార్డ్ రీడర్లు, ఎస్‌ఎస్‌డీ డబ్బాలు దొరుకుతాయి. "టైప్-సీ కేబుల్ ఇవ్వండి" అంటే ఛార్జింగ్‌ది చేతిలో పెట్టవచ్చు. "డేటా కేబుల్ కావాలి, 10 జీబీపీఎస్‌ది" అని అడగండి, ప్యాకెట్ మీద ఆ అంకె ఉందో లేదో చూడండి.

డెస్క్‌టాప్‌కి తగిలించేటప్పుడు వెనకవైపు పోర్టుల్లో పెట్టండి, అవి నేరుగా మదర్‌బోర్డు మీదే ఉంటాయి. మధ్యలో హబ్ పెట్టకండి. కాపీ మధ్యలో కనెక్షన్ తెగడానికి వదులైన ముందు పోర్టులు, చవక హబ్బులు తరచూ కారణం. కరెంటు తరచూ పోయే ప్రాంతంలో ఉంటే డెస్క్‌టాప్‌ని యూపీఎస్ మీద పెట్టుకుని మొదలుపెట్టండి.

5. ఆండ్రాయిడ్ ట్యాబ్ నుంచి

1. ట్యాబ్ లాక్ తీసి, తెర ఆరిపోయే సమయాన్ని పది నిమిషాలకు పెంచండి.
2. కేబుల్ తగిలించండి. పైనుంచి నోటిఫికేషన్లు కిందికి లాగండి. యూఎస్‌బీతో ఛార్జ్ అవుతోందన్న గీత ఉంటుంది. దాన్ని నొక్కి 'ఫైల్ ట్రాన్స్‌ఫర్' ఎంచుకోండి.
3. విండోస్‌లో 'దిస్ పీసీ'లో ట్యాబ్ పేరు కనిపిస్తుంది. దానిలో ఇంటర్నల్ స్టోరేజ్, డీసీఐఎం, కెమెరా ఫోల్డర్లు వరసగా తెరవండి.
4. కావాల్సిన ఫైళ్లు ఎంచుకుని కాపీ చేసి, మీరు చేసిన 'అసలు' ఫోల్డర్లో పేస్ట్ చేయండి. కట్ అనే మాట మర్చిపోండి. కట్ చేసినప్పుడు మధ్యలో కేబుల్ కదిలితే అటూ ఇటూ కాకుండా పోవచ్చు.
5. 5, 10 జీబీల చొప్పున విడతలుగా చేయండి.

ఇక్కడ ఒక విషయం అర్థమైతే సగం టెన్షన్ తగ్గుతుంది. ఇలా తగిలించిన ట్యాబ్ పెన్‌డ్రైవ్ లాంటిది కాదు. ఎంటీపీ అనే పద్ధతిలో కంప్యూటర్ అడిగిన ఫైలుని ట్యాబ్ ఒక్కొక్కటిగా అందిస్తుంది, ఒక సమయంలో ఒకే పని చేస్తుంది. కాపీ నడుస్తుండగా అదే ఫోల్డర్లో ఇంకో వీడియో ప్లే చేయాలని చూస్తే రెండూ ఇరుక్కుంటాయి. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లోకి ట్యాబ్ నుంచి నేరుగా లాగడం కూడా కుదరదు. కుదిరినట్టు కనిపించినా కేబుల్ తీయగానే క్లిప్పులన్నీ 'మీడియా ఆఫ్‌లైన్' అని ఎర్రబడతాయి.

ఇప్పుడే తీసిన వీడియో కంప్యూటర్లో కనబడకపోతే ఫైలు పోలేదు. ఎంటీపీ జాబితా ఇంకా తాజా కాలేదు. కేబుల్ తీసి, ట్యాబ్‌ని రీస్టార్ట్ చేసి మళ్లీ తగిలించండి.

మ్యాక్‌కి ఎంటీపీ సొంతంగా రాదు. ఓపెన్‌ఎంటీపీ అనే ఉచిత యాప్ వేసుకుంటే ఒకవైపు మ్యాక్, ఒకవైపు ట్యాబ్ ఫోల్డర్లు చూపించి లాగనిస్తుంది.

6. ఐప్యాడ్ నుంచి

విండోస్‌కి కాపీ చేస్తున్నప్పుడు "పరికరం పనిచేయడం లేదు" అనే అర్థం వచ్చే సందేశంతో ఆగిపోతోందని చాలామంది రాస్తున్నారు. ఐప్యాడ్ పాడవలేదు, కేబుల్ కూడా కాకపోవచ్చు. ఐప్యాడ్ సెట్టింగ్స్‌లో ఫొటోస్ చివరన 'ట్రాన్స్‌ఫర్ టు మ్యాక్ ఆర్ పీసీ' అని ఉంటుంది. అది మొదట్లో 'ఆటోమేటిక్'లో ఉంటుంది. అంటే ఐప్యాడ్ హెచ్‌ఈవీసీ (పైన చెప్పిన హై ఎఫిషియెన్సీ) వీడియోని కంప్యూటర్‌కి సరిపడేలా అప్పటికప్పుడు మారుస్తూ పంపుతుంది. పెద్ద ఫైలు దగ్గర ఆ మార్పిడి ఆలస్యమై కాపీ తెగిపోతుంది. దాన్ని 'కీప్ ఒరిజినల్స్'కి మార్చండి. ఇబ్బంది పోవడమే కాదు, మార్పు లేని అసలు ఫైలే వస్తుంది.

తర్వాత వరస ఇది:

1. విండోస్‌లో మైక్రోసాఫ్ట్ స్టోర్ నుంచి 'యాపిల్ డివైసెస్' యాప్ వేసుకోండి, డ్రైవర్ దానితో వస్తుంది.
2. ఐప్యాడ్ లాక్ తీసి కేబుల్ తగిలించండి. 'ట్రస్ట్ దిస్ కంప్యూటర్' అని అడిగితే ట్రస్ట్ నొక్కి పాస్‌కోడ్ ఇవ్వండి. ఈ కిటికీని చూడకుండా కొట్టేస్తే కంప్యూటర్లో ఖాళీ ఫోల్డరే కనిపిస్తుంది.
3. 'దిస్ పీసీ'లో యాపిల్ ఐప్యాడ్, లోపల ఇంటర్నల్ స్టోరేజ్. అక్కడి ఫోల్డర్ల నుంచి కాపీ చేసుకోండి.
4. మ్యాక్‌లో అయితే 'ఇమేజ్ క్యాప్చర్' తెరవండి. ఎక్కడికి దించాలో ఎంచుకుని దించండి. ఇది మ్యాక్‌తోనే వస్తుంది, ఫొటోస్ లైబ్రరీని గందరగోళం చేయదు.

ఫైళ్ల పేర్లు గమనించండి. ఐఎంజీ తర్వాత అంకె ఉన్నది కెమెరా రాసింది. అదే అంకె ముందు 'E' అనే ఇంగ్లిష్ అక్షరం చేరితే అది మీరు ఐప్యాడ్‌లో కత్తిరించిన రూపం. ఎడిటింగ్‌కి 'E' లేనిది తీసుకోండి. ఏఏఈ అని ముగిసే చిన్న ఫైళ్లు ఐప్యాడ్ మార్పుల చిట్టాలు, డెస్క్‌టాప్ ఎడిటర్‌కి వాటితో పని లేదు.

స్లో-మో వీడియో ఐప్యాడ్‌లో నెమ్మదిగా ఆడి, కంప్యూటర్లో మామూలు వేగంతో ఆడితే కంగారు పడకండి. అసలు ఫైల్లో సెకనుకు 120 లేదా 240 ఫ్రేములు అలాగే ఉన్నాయి. ఎడిటర్లో వేగం తగ్గిస్తే సరి.

7. కేబుల్ లేనప్పుడు వైఫై

ఐప్యాడ్ నుంచి మ్యాక్‌కి ఎయిర్‌డ్రాప్ ఉంది. ఆండ్రాయిడ్ నుంచి విండోస్‌కి క్విక్ షేర్ ఉంది, విండోస్‌లో దాని యాప్ వేసుకోవాలి. ఏ జోడీకైనా పనికొచ్చేది లోకల్‌సెండ్. ఉచితం, ప్రకటనలు ఉండవు. ట్యాబ్‌లో, కంప్యూటర్లో రెండింటిలోనూ వేసుకుని, రెండూ ఒకే వైఫైలో ఉంచితే ఒకదానికొకటి కనిపిస్తాయి. ఫైలు మారదు, ఇంటర్నెట్ డేటా ఖర్చు కాదు.

మారతహళ్లి, బీటీఎం వైపు పీజీల్లో ఉండేవాళ్లకు ఇక్కడే చిక్కు. రెండూ ఒకే వైఫైలో ఉన్నా ఒకదానికొకటి కనబడవు. చాలా పీజీలు, హోటళ్ల వైఫైల్లో ఒకరి పరికరం ఇంకొకరికి కనబడకుండా విడదీసి పెడతారు. భద్రతకు అది మంచిదే. మీ పనికి మాత్రం ఫోన్‌లో హాట్‌స్పాట్ ఆన్ చేసి, ట్యాబ్‌నీ కంప్యూటర్‌నీ దానికి కలపండి. వీడియో ఫోన్ గుండా వెళ్తుంది కానీ ఇంటర్నెట్‌లోకి వెళ్లదు, కాబట్టి మీ డేటా ప్యాక్ తరగదు. ఆ సమయంలో కంప్యూటర్ అప్‌డేట్లు మాత్రం దించుకోకుండా చూసుకోండి.

ఇంట్లో సొంత వైఫై ఉన్నా కనబడకపోతే విండోస్‌లో ఆ నెట్‌వర్క్ 'పబ్లిక్' అని ఉందేమో చూసి 'ప్రైవేట్'కి మార్చండి. ఐప్యాడ్‌లో కాపీ అయ్యేదాకా ఆ యాప్‌ని తెర మీదే ఉంచండి, వేరే యాప్‌కి వెళ్తే ఐప్యాడ్ దాన్ని ఆపేస్తుంది.

8. పెన్‌డ్రైవ్, ఎస్‌ఎస్‌డీ

యూఎస్‌బీ-సీ ట్యాబ్‌కి పెన్‌డ్రైవ్ నేరుగా తగిలించుకోవచ్చు. ఐప్యాడ్‌లో ఐప్యాడ్‌ఓఎస్ 13 నుంచి, అంటే 2019 నుంచి, 'ఫైల్స్' యాప్‌లో కనిపిస్తుంది. లైట్నింగ్ పోర్టు ఉన్న పాత ఐప్యాడ్‌కి అడాప్టర్ కావాలి, డ్రైవ్ ఎక్కువ కరెంటు తాగేదైతే ఛార్జర్ పెట్టే వీలున్న అడాప్టర్ తీసుకోండి.

"డ్రైవ్‌లో 32 జీబీ ఖాళీ ఉంది, 5 జీబీ ఫైలు మాత్రం ఎక్కడం లేదు" అన్న ప్రశ్నకు జవాబు ఫార్మాట్. ఫ్యాట్32 డ్రైవ్‌లో ఒక్కో ఫైలు 4 జీబీ దాటకూడదు. కంప్యూటర్లో డ్రైవ్‌ని ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చేయండి. విండోస్, మ్యాక్, ఐప్యాడ్ మూడూ దాన్ని చదివి రాయగలవు. ఆండ్రాయిడ్ ట్యాబుల్లో కొన్ని పాతవి ఎక్స్‌ఫ్యాట్ చదవవు, ముందు చిన్న ఫైలుతో పరీక్షించండి. ఫార్మాట్ చేస్తే డ్రైవ్‌లో ఉన్నవన్నీ పోతాయి, ముందుగా వేరేచోట దాచుకోండి.

9. వచ్చిందా లేదా సరిచూడటం

చాలామంది దాటేసే మెట్టు ఇదే. నాకు మాత్రం అన్నిటికంటే ముఖ్యమైనది. నాయనమ్మ గొంతు ఉన్న వీడియో రెండోసారి తీయలేం.

- ట్యాబ్‌లో ఎన్ని ఫైళ్లు ఎంచుకున్నారో కంప్యూటర్లో అన్నే ఉన్నాయా?
- పెద్ద ఫైళ్లు నాలుగైదింటి సైజు రెండు చోట్లా ఒకటేనా? సున్నా బైట్లు ఉన్న ఫైలు ఏదైనా ఉందా?
- ప్రతి వీడియోని మొదట్లో, మధ్యలో, చివరి పది సెకన్లలో ఆడించి చూశారా? సగంలో తెగిన కాపీ మొదట్లో బాగానే ఆడుతుంది, తేడా చివర్లోనే బయటపడుతుంది.
- వీడియోతో పాటు శబ్దం వస్తోందా?
- 'అసలు' ఫోల్డర్ని ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి ఇంకో కాపీ తీశారా?

చివరిది అయ్యేదాకా ఎడిటర్ తెరవకండి.

విండోస్‌లో వీడియో ఆడక నల్లగా వస్తే అది హెచ్‌ఈవీసీ కావచ్చు. వీఎల్‌సీ ప్లేయర్లో పెట్టి చూడండి. అక్కడ ఆడితే ఫైలు క్షేమం. మిగతాది కోడెక్ (వీడియోని విప్పి ఆడించే భాగం) లోటే, మైక్రోసాఫ్ట్ స్టోర్లో హెచ్‌ఈవీసీ ఎక్స్‌టెన్షన్ కొంటే తీరుతుంది.

10. మాట, పెదవులు కలవాలంటే

ట్యాబ్ కెమెరా సెకనుకు సరిగ్గా 30 ఫ్రేములు తీయదు. వెలుతురు తగ్గినప్పుడు, ట్యాబ్ వేడెక్కినప్పుడు 29, 27, మళ్లీ 30 ఇలా మారుతుంటుంది. దీన్ని వేరియబుల్ ఫ్రేమ్ రేట్ అంటారు. శబ్దం మాత్రం ఒకే వేగంతో రికార్డవుతుంది. ప్లేయర్లు ప్రతి ఫ్రేముకీ ఉన్న సమయం చూసి సర్దుకుంటాయి. కొన్ని ఎడిటర్లు మాత్రం ఫ్రేములన్నీ సమాన దూరంలో ఉన్నాయనుకుని లెక్క వేస్తాయి. ఇరవై నిమిషాల ఆవకాయ వీడియోలో మొదట్లో అమ్మ "ఇప్పుడు నూనె పొయ్యాలి" అన్నప్పుడు తేడా తెలియదు. చివర్లో ఆమె జాడీకి గుడ్డ కడుతుంటే ఉప్పు గురించిన మాట వినిపిస్తుంది.

ముందు పరీక్షించండి. మీ దగ్గరున్న అన్నిటికంటే పొడవైన క్లిప్పును ఎడిటర్లో పెట్టి చివరి నిమిషం చూడండి. పెదవులు కలిస్తే ఈ మెట్టు వదిలేయండి. ప్రీమియర్, రిజాల్వ్ లాంటి ఎడిటర్లు ఇప్పుడు చాలావరకు సర్దుకుంటున్నాయి, చిన్న క్లిప్పుల్లో అసలు తెలియదు. నిర్ధారణ కావాలంటే మీడియాఇన్ఫో అనే ఉచిత సాధనంలో ఫైలు తెరిస్తే 'ఫ్రేమ్ రేట్ మోడ్' దగ్గర వేరియబుల్ అనో కాన్‌స్టంట్ అనో చూపిస్తుంది.

తేడా ఉంటే హ్యాండ్‌బ్రేక్ అనే కన్వర్టర్ వాడండి, అది ఉచితం:

1. 'అసలు' ఫోల్డర్ని హ్యాండ్‌బ్రేక్‌లో తెరవండి.
2. డైమెన్షన్స్ విభాగంలో రిజల్యూషన్ పరిమితి తీసేయండి. లేకపోతే మీరు ఎంచుకున్న ప్రీసెట్ 4కే వీడియోని 1080పీకి దించేయవచ్చు.
3. వీడియో విభాగంలో ఎన్‌కోడర్ హెచ్.264, ఫ్రేమ్ రేటు మీరు తీసిన 25 లేదా 30. పక్కనే 'కాన్‌స్టంట్ ఫ్రేమ్‌రేట్' ఎంచుకోండి. మొత్తం పనిలో అసలు కీలకం ఇదే.
4. క్వాలిటీ ఆర్‌ఎఫ్ 16 నుంచి 18 మధ్య పెట్టండి. ఇక్కడ అంకె తగ్గే కొద్దీ నాణ్యత పెరుగుతుంది.
5. ఆడియో ఏఏసీ, 48 కిలోహెర్ట్జ్.
6. ఫైళ్లన్నీ క్యూలో పెట్టి 'మార్చినవి' ఫోల్డర్లోకి పంపండి.

ఎడిటింగ్ ఈ కొత్త ఫైళ్లతోనే చేయండి. అసలు వాటిని ముట్టుకోకండి.

పెదవులు కలిసినా వీడియో ఆగి ఆగి నడుస్తుంటే సమస్య వేరు, అది కంప్యూటర్ శక్తి. ప్రీమియర్, రిజాల్వ్, కేడెన్‌లైవ్ మూడింటిలోనూ ప్రాక్సీ సదుపాయం ఉంది. ఎడిట్ చేసేటప్పుడు తేలికపాటి నకలు చూపించి, ఎక్స్‌పోర్ట్‌లో పెద్ద ఫైలు వాడుకుంటుంది. లైనక్స్‌లో రిజాల్వ్ ఉచిత వెర్షన్ వాడేవాళ్లకు హెచ్.264 ఫైళ్లు తెరుచుకోవు, కేడెన్‌లైవ్ హాయి.

11. ట్యాబ్‌లో సగం ఎడిట్ చేసిన ప్రాజెక్టు సంగతి

చాలావరకు ప్రాజెక్టు దాటదు, తయారైన వీడియో మాత్రమే దాటుతుంది. దాటే జోడీలు కొన్ని ఉన్నాయి. ఐప్యాడ్‌లోని రిజాల్వ్ నుంచి డెస్క్‌టాప్ రిజాల్వ్‌కి, ఐప్యాడ్ ఐమూవీ నుంచి మ్యాక్ ఐమూవీకి, ఐప్యాడ్ ఫైనల్ కట్ ప్రో నుంచి మ్యాక్ ఫైనల్ కట్‌కి. పంపేటప్పుడు క్లిప్పులు కూడా కలిపి ఉన్నాయో లేదో చూసుకోండి, ప్రాజెక్టు ఫైలు ఒక్కటే వస్తే లోపల ఏమీ ఉండదు.

తెలుగు టైటిళ్లు పెట్టి ఉంటే ఇంకో జాగ్రత్త. కంప్యూటర్లో ఆ ఫాంట్ లేకపోతే, లేదా ఎడిటర్ తెలుగు ఒత్తుల్ని సరిగా కూర్చలేకపోతే 'జ్ఞాపకాలు' విడిపోయి కనిపిస్తుంది. అక్షరాలు విరిగిన టైటిల్‌తో పంపడం కంటే, టైటిల్‌ని వెనక నేపథ్యం లేని పీఎన్‌జీ బొమ్మగా చేసి వీడియో మీద పరచడం మేలు. అప్పుడు ఎక్కడికి వెళ్లినా అక్షరం చెదరదు.

12. తయారైన వీడియో తిరిగి ట్యాబ్‌కి

ఎక్స్‌పోర్ట్ సెట్టింగులు: ఎంపీ4, హెచ్.264, 1080పీ, టైమ్‌లైన్ ఫ్రేమ్ రేటే, 8 నుంచి 10 ఎంబీపీఎస్, ఆడియో ఏఏసీ. పది నిమిషాల వీడియో 10 ఎంబీపీఎస్‌లో సుమారు 750 ఎంబీ అవుతుంది. ఇది ఏ ట్యాబ్‌లోనైనా, ఊళ్లో నాన్నగారి టీవీకి పెట్టిన పెన్‌డ్రైవ్‌లో కూడా చాలావరకు ఆడుతుంది. నాణ్యత బాగుంటుందని 50 ఎంబీపీఎస్ పెట్టకండి, చిన్న తెర మీద తేడా కనబడదు, పాత టీవీ తడబడుతుంది.

ఆండ్రాయిడ్‌కి వచ్చిన దారినే కేబుల్‌తో 'మూవీస్' ఫోల్డర్లో వేయండి. ఐప్యాడ్‌కి అలా కుదరదు, దాని ఫొటోల ఫోల్డర్లోకి కంప్యూటర్ రాయలేదు. లోకల్‌సెండ్‌తో పంపండి, లేదా పెన్‌డ్రైవ్ తగిలించి ఫైల్స్ యాప్‌లో వీడియో తెరిచి, షేర్ నొక్కి 'సేవ్ వీడియో' అనండి. ఆ బటన్ కనబడకపోతే ఫైలు ఫార్మాట్ ఐప్యాడ్‌కి నచ్చలేదని అర్థం, పైన చెప్పిన సెట్టింగులతో మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేయండి.

13. ట్యాబ్‌లోంచి ఎప్పుడు తీసేయాలి

తొమ్మిదో అంశంలోని ఐదూ పూర్తయి, అసలు ఫైళ్లు రెండు డిస్కుల్లో ఉన్నాయని కళ్లతో చూశాక. ఐప్యాడ్‌లో తీసేసినవి 'రీసెంట్లీ డిలీటెడ్'లో 30 రోజుల దాకా ఉంటాయి, దాన్ని కూడా ఖాళీ చేసేదాకా చోటు పెరగదు. ఐక్లౌడ్ ఫొటోస్ ఆన్‌లో ఉంటే ఐప్యాడ్‌లో తీసేసిన వీడియో అదే అకౌంట్ ఉన్న మీ ఫోన్లోంచి, మ్యాక్‌లోంచి కూడా పోతుంది. ఇంట్లో ఇద్దరూ ఒకే యాపిల్ అకౌంట్ వాడుతుంటే తీసేసే ముందు రెండోవాళ్లను ఒక మాట అడగండి.